సగం నొసలు

పోయిన వారం మనం కరుణను చీకటి గదిలో వదిలి వచ్చాం. పొద్దున పండ్లు తోముకొని నోరు పుక్కిలించబోతే, నీళ్ళు ఆమెతో పని లేకుండా ఎడమ మూల నుంచి జారిపోయాయి. అద్దంలో కుడి సగం ఆమె ముఖమే. ఎడమ సగం ఎవరిదో. అత్త కాశమ్మ ఆ ముఖాన్ని ఒక్కసారి చూసింది. అరవలేదు, ఏడవలేదు. కోడలి చెయ్యి పట్టుకొని లోపలి గదిలో కూర్చోబెట్టి, కిటికీకి గొంగడి కట్టి, తలుపు దగ్గరికి వేసింది. తన మరిది మల్లప్పను కర్ణాటక సరిహద్దు అవతలి ఊరికి, వంకరపోయిన మూతికి పావురం నెత్తురు పూసే పావురాలాయన దగ్గరికి, పావురం కోసం పంపింది.

ఆ గది కరుణకు కొత్త కాదు. నిరుడు కంది పూత నాడు భర్త గణేశ్‌ను కూర్చోబెట్టింది కూడా ఇక్కడే, ఈ గొంగడి నీడలోనే. గొర్రెలను అమ్మేసి తాండూరు చేరి ఇన్నేళ్ళయినా ఆ గొంగడిలో మంద వాసన పోలేదు. దానికి ఆ రోజు పావురం నెత్తురు వాసన కలిసింది. ఇప్పుడు నెత్తురు లేదు. అయినా ఆమెకు ఆ వాసన వస్తూనే ఉంది.

గణేశ్‌కు పొద్దున మూతి వంకర పోయింది. మధ్యాహ్నం చేతిలో గ్లాసు జారింది. పొద్దు గూకేసరికి చెయ్యే జారింది. మరునాటికి మనిషి లేడు.

అందుకే కరుణ తన ఎడమ చేతినే చూస్తూ కూర్చుంది. చీకట్లో చెయ్యి కనబడదు. ఎత్తి చూసుకుంటుంది, వేళ్ళు ముడిచి తెరుస్తుంది, కుడి చేత్తో పట్టుకొని బరువు చూస్తుంది. ఉంది. ఇంకా ఉంది. కాసేపటికి మళ్ళీ అనుమానం వస్తుంది. గొంతు ఉందో లేదో చూసుకుందామని బిడ్డ పేరు పిలిచింది.

"మల్లీశ్వరీ."

మొదటి అక్షరానికి పెదవులు కలవాలి. కుడి సగం కలిసింది. ఎడమ సగం నుంచి గాలి పోయింది. కన్నబిడ్డ పేరు పళ్ళూడిన ముసలమ్మ నోట వచ్చినట్టు వచ్చింది.

అప్పుడే ఒళ్ళో ఫోన్ మోగింది. వికారాబాద్ కాలేజీ హాస్టల్ నుంచి ఆ బిడ్డే. రోజూ పొద్దున క్లాసుకు పోయే ముందు చేస్తుంది. కరుణ ఫోను పట్టుకొని అది మోగినంతసేపూ చూసింది. ఎత్తలేదు. తండ్రి పోయే ముందు ఆ పిల్ల ఆయన నోట చివరిగా విన్నది కూడా ఇట్లా పెదవి కలవని మాటే.

వాకిట్లో చెప్పుల చప్పుడయింది. ఆ వెంటనే గొంతు.

"కరుణా! ఓ కరుణా! పొయ్యి అంటువెట్టొచ్చిన. ఎసరు మరుగుతున్నది. బియ్యం కడిగే మారాణి ఇంకా లేవలేదా?"

రజియా. ఇద్దరూ సర్కారు బడిలో పిల్లలకు మధ్యాహ్నం అన్నం వండుతారు. ఏ ఒక్కరు రాకున్నా ఆ పెద్ద గుండిగను పొయ్యి మీది నుంచి దించడం కుదరదు.

"అరవకు," అంది గడపలో కూర్చున్న కాశమ్మ. "పిల్లకు బాగలేదు."

"ఏమైంది?"

"లక్వ గొట్టింది."

పక్షవాతం పేరు వినగానే రజియా చెప్పులు గడప దాకా వచ్చాయి. కరుణ తలుపు వెనక ఊపిరి బిగబట్టింది.

"యా అల్లా," అంది రజియా. "మరి ఈడ కూసున్నవేంది పెద్దమ్మా? దవాఖానకు పోరాదు?"

"మల్లప్ప పోయిండు. పిట్టను తెస్తడు."

"పిట్టనా? పిట్ట ఏమన్న సూదిమందు చంకల వెట్టుకొని వస్తదా?"

"నవ్వకు. జర నా మొఖం చూడు. యాడన్న వంకరున్నదా? గణేశ్ కడుపుల ఉన్నప్పుడు నాకు గిట్లనే అయింది. సగం మొఖం పడిపోయింది. పావురాలాయన తండ్రి నెత్తురు పూసి, చీకట్ల కూసోవెట్టి, గాలి తాకనియ్యకుండ బాగుజేసిండు. గప్పటి నుంచి చుట్టూ ఊర్లల్ల ఎవలకు మూతి వంకరవోయినా నా దగ్గరికే వస్తరు. నా మొఖం చూసే పోతరు ఆడికి."

"మరి గణేశన్నకు ఎందుకు బాగుగాలె?"

ఆ ప్రశ్న ఆ ఇంట్లో ఏడాదిగా ఎవరూ అడగలేదు. కరుణ చీకట్లో కళ్ళు మూసుకుంది. కుడి కన్ను మూసుకుంది. ఎడమ కన్ను తెరిచే ఉంది.

"చీకట్ల ఉన్నంతసేపు నా కొడుకు బతికే ఉండె," అంది కాశమ్మ. ఆమె గొంతు పెరగలేదు, ఇంకా తగ్గింది. "వెలుగుల గుంజి, అంబులెన్సుల ఏసి, దవాఖానల పండవెట్టిన్రు. తెల్లారి పీనుగను చేతుల వెట్టిన్రు. వద్దు వద్దంటే ఎవలిన్నరు?"

అంబులెన్సుకు ఫోన్ చేసింది కరుణే. చెయ్యి పడిపోయాక ఇక ఆగలేక చేసింది. దవాఖానలో డాక్టరు తల అడ్డంగా ఊపి, పొద్దున్నే ఎందుకు తేలేదని అడిగాడు. అప్పటి నుంచి ఆ ఇంట్లో ఇద్దరు ఆడవాళ్ళు రెండు మాటలు మింగి బతుకుతున్నారు. తీసుకుపోయి చంపావని ఒకరు, ఆపి చంపావని ఒకరు. ఒకరికొకరు అన్నం వడ్డించుకుంటారు, జ్వరమొస్తే నుదురు పట్టి చూసుకుంటారు. ఆ మాటలు మాత్రం పైకి రానివ్వరు.

కరుణ లేచి తలుపు తీసింది.

వెలుతురు ముఖాన కొట్టింది. కుడి రెప్ప పడింది, ఎడమ రెప్ప పడలేదు. ఆ కన్ను వెలుతురును అట్లాగే మింగి, నీళ్ళు కార్చింది. రజియా ఆమెను చూసి ఒక అడుగు వెనక్కి వేసింది. వేసినందుకు సిగ్గుపడి రెండడుగులు ముందుకొచ్చి, చెయ్యి పట్టుకుంది.

"నిన్న సాంబార్ల ఉప్పు రెండుసార్లు ఏస్తివి కదనే. పిల్లగాండ్ల ఉసురు తాకింది," అంది. నవ్వబోయింది కానీ నవ్వు రాలేదు.

"అత్తా, నేను పోత," అంది కరుణ.

"పిట్ట వచ్చేదాక ఆగు బిడ్డా."

"ఆగలేను. ఒకసారి ఆగినం."

కాశమ్మ చెంపదెబ్బ తిన్నట్టు చూసింది. గడపలో నుంచి లేచి లోపలికి పోయింది. కోపంతో పోయిందనుకున్నారు ఇద్దరూ. కానీ ఆమె కిటికీకి కట్టిన గొంగడి విప్పి తెచ్చి కోడలి తల మీదుగా చెవులు మూసేలా కప్పింది.

"గాలి తాకనియ్యను. నేను గూడ వస్త. ఈసారి ఏమైనా నా కండ్ల ముందలనే కావాలె."

"ఈ ఎండల గొంగడా?" అంది రజియా. "గొర్రెపిల్లను సంతకు తోలుకపోతున్నట్టున్నది మన కత."

రజియా అన్న కూతురు నాజ్నీన్ వికారాబాద్‌లో డాక్టరు. రజియా అక్కడే నిలబడి ఫోన్ చేసింది. అవతల నుంచి ప్రశ్నలు వచ్చాయి. చెయ్యి లేస్తున్నదా? నడుస్తున్నదా? మాట అర్థమవుతున్నదా? తలనొప్పి, వాంతులు ఏమన్నా? అన్నిటికీ జవాబు విని, వెంటనే బయలుదేరమంది. దారిలో చెయ్యిగాని కాలుగాని బలం తగ్గినట్టనిపిస్తే తన కోసం చూడకుండా దగ్గరున్న పెద్ద దవాఖానకు పొమ్మంది. బడి పొయ్యిని పక్కింటి ఇంద్రమ్మకూ ఆమె కోడలికీ అప్పగించి ముగ్గురూ స్టేషనుకు ఉరికారు.

రైల్లో కిటికీ పక్క సీటు దొరికింది. కాశమ్మ మొదట చేసిన పని ఆ కిటికీ షట్టరు దించడం. ఎదురుగా కూర్చున్న ఆయన ఉక్కపోస్తుందని గొణిగాడు. గొంగడిలో నుంచి తొంగిచూస్తున్న సగం ముఖాన్ని చూశాక ఇంకేమీ అనలేదు. వేరే చోటు వెతుక్కుంటూ లేచిపోయాడు.

పట్టాల మోత కరుణ ఎడమ చెవిలో సుత్తి దెబ్బలా పడుతోంది. కుడి చెవికి అది మామూలు రైలే. ఇది మొన్నటి నుంచి ఉంది. గరిటె గుండిగ అంచుకు తగిలినా చెవిలో గంట కొట్టినట్టయ్యేది. చెవి వెనక ఎముకలో సన్నగా సలుపు. పొయ్యి సెగ నుంచి లేచి బయటి చల్లగాలిలోకి పోయినందుకే అనుకుంది. ఇప్పుడు ఒక్కొక్కటే గుర్తుకొస్తుంటే, అవన్నీ ఎవరో తలుపు తడుతున్న చప్పుళ్ళనీ, తానే తీయలేదనీ అనిపించింది.

ధారూరు దాటింది. ఎడమ చెయ్యి గొంగడి కింద ముడుచుకుంది, తెరుచుకుంది. ఉంది.

"రజియా," అంది నెమ్మదిగా, అత్తకు వినబడకుండా. "నాకేమన్న అయితే మల్లీశ్వరిని చదువు మాన్పియ్యనియ్యకు."

"నోర్ముయ్యి."

"సగమే మూసుకుంటున్నది."

రజియా ముఖం తిప్పుకొని కొంగుతో కళ్ళు తుడుచుకుంది. ఈసారి మాత్రం నిజంగానే నవ్వింది.

డాక్టరు నాజ్నీన్ గది చిన్నది. మేనత్త రజియాను చూసి "రా ఫుప్పూ" అని, గొంగడి కప్పుకున్న మనిషిని చూసి ఆశ్చర్యపడకుండా స్టూలు చూపించింది. బీపీ చూసింది. వేలు గుచ్చి చక్కెర చూసింది. చేతులు రెండూ చాచి కళ్ళు మూసుకోమంది. నడిపించింది. ముక్కు తాకి తన వేలు తాకమంది. ప్రతి పనీ చేస్తూ కరుణ డాక్టరు ముఖాన్నే చూస్తోంది. గణేశ్‌ను చూసిన డాక్టరు తల ఊపిన తీరు ఈ తలలో ఎక్కడ కనబడుతుందోనని.

"కండ్లు గట్టిగ మూసుకో."

ఎడమ కన్ను మూతపడలేదు. నల్లగుడ్డు పైకి పోయి తెల్లగుడ్డు మిగిలింది. చూస్తున్న కాశమ్మ "అమ్మా" అని గోడ పట్టుకుంది.

"పండ్లు చూపించు. బుగ్గలు ఉబ్బించు." గాలి బుస్సుమని పోయింది. "మంచిది. ఇప్పుడు తల ఎత్తకుండ పైన ఫ్యాను చూడు. ఇంకా పైకి చూడు. నొసలు ముడువు."

డాక్టరు వంగి కరుణ నుదుటి మీద బొటనవేలు పెట్టింది. కుడి నుంచి ఎడమకు మెల్లగా జరిపింది. మళ్ళీ జరిపింది. చెవిలో లైటు వేసి చూసింది, చెవి చుట్టూ, వెనక, పొక్కులున్నాయేమో అని వెతికింది. పైన ఫ్యాను ఎడమ చెవిలో గొంతెత్తి అరుస్తోంది.

డాక్టరు లైటు ఆపి కుర్చీలో కూర్చుంది.

"మెదడు దెబ్బ కాదక్కా ఇది," అంది. "నువ్వు చావవు. భయపడకు."

కరుణకు ఆ మాట వెంటనే లోపలికి పోలేదు. బియ్యం గుండిగ పొయ్యి మీది నుంచి దించాక చేతులు వాటంతటవే వణికినట్టు, రెండు చేతులూ వణకడం మొదలుపెట్టాయి. రెండూ వణుకుతున్నాయని చూసి ఆమెకు సంతోషమైంది.

"మరేంది?" అంది రజియా.

"మొఖాన్ని కదిలించే నరం చెవి వెనక ఎముకల ఒక సన్నటి సందులకెళ్ళి వస్తది. అది వాచింది. ఎముక కదా, జరగదు. లోపల్నే ఒత్తుకపోయి పని ఆపేసింది."

"గొర్రె కంచెల తలవెట్టి ఇరికినట్టు," అంది కాశమ్మ.

"అచ్చం గట్లనే అవ్వా. మెడ వాస్తది, ఎనకకు రాదు, ముందుకు పోదు."

"ఎందుకు వాస్తది?"

"ఖరాఖండిగ చెప్పలేం. ఎప్పుడో జ్వరంతోటి పెదవి మీద పొక్కులొస్తయి చూడు, ఆ పురుగు లోపల్నే నిద్రపోయి మళ్ళ లేస్తదంటరు. కొందరికి చక్కెర బీమారి ఉంటది, కొందరికి చెవుల చీము, ఇంకేమన్న అడ్డం. అందుకే అన్ని చూసిన. అక్కకు అవేం లేవు. చెవి వెనక నొప్పి ఉండెనా? చప్పుడు ఎక్కువ వినవడ్డదా? నాలిక రుచి?"

"ఉప్పు," అంది రజియా. "సాంబార్ల రెండుసార్లు ఏసింది. రుచి తెల్వక ఏసిందా! అయ్యో, పొద్దుటి నుంచి తిడుతనే ఉన్న గదనే నిన్ను."

నాజ్నీన్ మందులు చెప్పింది. వాపు తగ్గే గోలీలు ఈ పొద్దే మొదలుపెట్టాలి, రెండు మూడు రోజులు దాటితే అంత పని చేయవు. అన్నిటికన్నా ముందు కన్ను. రెప్ప పడదు కాబట్టి చుక్కలు వేయాలి, పడుకునేప్పుడు పట్టీ వేసి మూయాలి, లేకుంటే కన్ను ఎండి పుండు పడుతుంది. చాలామందికి వారాల్లో మొదలై నెలల్లో తగ్గిపోతుంది, కొద్దిమందికి కొంచెం మిగులుతుంది. ఆ చివరి మాట కూడా దాచకుండానే చెప్పింది.

కాశమ్మ అంతా విని ముందుకు జరిగింది. చాలా కాలానికి ఆమె ముఖంలో కొంచెం గెలుపు కనబడింది.

"నాకు గూడ గిదే కద బిడ్డా. నేను మొదటి నుంచి చెప్తనే ఉన్న. కడుపుతోటి ఉన్నప్పుడు అయింది. కుంకుమ పెట్టుకుంటే సగం నొసలు ముడుత లేకుండ నున్నగ పాలిష్ బండ లెక్క ఉండె. మా అత్త నవ్వేది. పిట్ట నెత్తురుతోటి బాగైంది."

"నెలలు నిండే టైముల ఆడోళ్ళకు ఇది ఎక్కువనే వస్తది," అంది నాజ్నీన్. ఆమె గొంతులో ఎగతాళి లేదు. "బాగైతది గూడ. పిట్టను కోసినా బాగైతది, కొయ్యకున్నా బాగైతది. నీకు తగ్గే రోగం వచ్చింది, తగ్గింది అవ్వా. పిట్ట పానమే ఉత్తగ పోయింది."

"మూతి వంకర ఎట్లనైనా మూతి వంకరనే కదా."

"కాదు. అక్కడ్నే మోసపోతరు అందరు." డాక్టరు తన నుదుటి మీద వేలు పెట్టుకుంది. "ఒక ఇంటికి రెండు కరెంటు లైన్లున్నయనుకో. ఒకటి పోయినా బల్బు ఎలుగుతది. నొసలు గట్ల. మెదడు రెండు దిక్కుల నుంచి దానికి లైనొస్తది. అందుకే మెదడుల దెబ్బ తగిలినోళ్ళకు మూతి వంకర పోతది, కానీ నొసలు రెండు దిక్కుల ముడుచుకుంటనే ఉంటది. అక్కకు, నీకు సగం నొసలు గూడ పడిపోయింది, ఎందుకంటే చెవి దగ్గర నరమే ఇరికింది. మూతి వంకరపోయి నొసలు ముడుచుకుందంటే అది డేంజర్. ఇంట్ల చూసి తేల్చుకునేది కాదు, నాకే ఒక్కోసారి స్కానింగ్ కావాలె. మూతి వంకరపోతే ఏదైనా సరే, ముందు దవాఖాననే. ఆలస్యం చేస్తే మనిషి మిగలడు."

ఆ గదిలో ఆ తర్వాత ఏం మాట్లాడారో కరుణకు వినబడలేదు. ఆమె మళ్ళీ చీకటి గదిలో ఉంది.

నిరుడు. గొంగడి కట్టిన కిటికీ. పావురాలాయన పిట్ట మెడ తుంచి వెచ్చటి నెత్తురు గణేశ్ బుగ్గకు పూశాడు. దీపం పట్టుకున్నది కరుణ. ఆ వాసనకు గణేశ్ ముఖం చిట్లించాడు. బుగ్గ కదలలేదు. మూతి కదలలేదు. నొసలు మాత్రం ఈ చివరి నుంచి ఆ చివరి దాకా, దున్నిన చాళ్ళలా, నిండుగా ముడుచుకుంది. దీపం వెలుగులో ఆ గీతలన్నీ ఆమె చూసింది. పక్కనుంచి కాశమ్మ ఆనందంతో కోడలి భుజం పట్టుకొని కుదిపింది.

"చూసినవా? నొసలు కదిలింది! పిట్ట పని చేసింది!"

కరుణ కూడా నవ్వింది. ఆ ధైర్యంతోనే ఇద్దరూ సాయంత్రం దాకా ఆగారు.

కరుణ తల తిప్పింది. కాశమ్మ డాక్టరును చూడటం లేదు. కోడలి నుదుటినే చూస్తోంది. ఆమె చెయ్యి తనకు తెలియకుండానే తన నుదుటి మీదికి పోయి, అక్కడే ఆగింది. రజియా ఆ రోజు ఆ గదిలో లేదు. డాక్టరుకు గణేశ్ సంగతే తెలియదు. పావురాలాయనను వదిలేస్తే ఈ లోకంలో ఆ నొసటి గీతలు చూసినవాళ్ళు ఇద్దరే మిగిలారు.

మందుల కోసం రజియా పోయింది. బయట బెంచీ మీద అత్తా కోడళ్ళు పక్కపక్కన కూర్చున్నారు. గొంగడి కరుణ తల మీది నుంచి జారింది. కాశమ్మ దాన్ని మళ్ళీ కప్పలేదు.

ఏడాదిగా మింగిన మాట ఇప్పుడు కరుణ నోట్లోనే ఉంది. పెదవులు సగమే కలిసినా చాలు, చెప్పవచ్చు. ఆ ముసలి ప్రాణం అక్కడికక్కడే కూలిపోతుంది. కరుణ అత్త చేతులను చూసింది. ఒళ్ళో పడి ఉన్నాయి, అరచేతులు పైకి, ఎవరో అక్కడ పెట్టి మరిచిపోయినట్టు.

"చాయ్ తాగుతవా అత్తా?" అంది.

కాశమ్మ జవాబు చెప్పేలోపు కరుణ చేతిలో ఫోన్ మోగింది. మల్లప్ప. కాశమ్మకు చెవి మందం కాబట్టి కరుణ స్పీకరు పెట్టింది. అవతల పావురాల కువకువలు, జనం గోల.

"వదినా, పిట్ట దొరికింది. జర లేటైతది. మనకన్న ముందల ఒక పడుచు పిల్లగాడు ఉన్నడు. బషీరాబాద్ దిక్కు మనిషి. మూతి వంకరవోయింది, చెయ్యి గూడ జర బరువుగున్నదంటున్నడు. ఆయన పెండ్లాం చంటిదాన్ని ఎత్తుకొని వచ్చింది. కాశమ్మ మొఖం బాగైందని విని వచ్చినమని చెప్తున్నరు. ఈడ నీ పేరు మస్తు చెప్తరు వదినా!"

కాశమ్మ ఫోను మీదికి వంగింది.

"ఇప్పుడే నెత్తురు పూసిన్రు," మల్లప్ప గొంతు సంబరంగా ఉంది. "పూయంగనే నొసలు ముడిచిండు వదినా! ఈ కొస నుంచి ఆ కొస దాక! పిట్ట పని చేసింది!"

కాశమ్మ కోడలి చేతిలో నుంచి ఫోన్ లాక్కుంది.

"మల్లప్పా, ఆ పిల్లగాన్ని ఎత్తు. జీపుల ఎయ్యి, ఆటోల ఎయ్యి, ఏది దొరికితే దాంట్ల ఎయ్యి. దవాఖానకు తీస్కపో."

"ఏందొదినా, బాగైతున్నదని చెప్తుంటే..."

"ఆయన పెండ్లానికి ఫోనియ్యి!"

అవతల చేతులు మారిన చప్పుడు. చంటిబిడ్డ ఏడుపు దగ్గరికొచ్చింది.

"కాశమ్మవ్వా?" ఒక సన్నటి ఆడగొంతు. "నీ పేరు చెప్పుకొని వచ్చినమవ్వా. బాగైతది కదా?"

కాశమ్మ కరుణ వైపు చూసింది. కరుణ కళ్ళు తిప్పుకోలేదు. ఎడమ కన్ను కారుతూనే ఉంది. కుడి కన్ను కూడా తడిసిందని అప్పుడే ఆమెకు తెలిసింది.

"బిడ్డా, నా మాట నమ్మి వచ్చినవు. ఇప్పుడు నేను చెప్పేది గూడ నమ్ము," అంది కాశమ్మ. ఫోన్‌ను రెండు చేతులతో పట్టుకుంది. "నాది పిట్టతోటి తగ్గలేదు. నా కొడుకు గూడ గిట్లనే నొసలు ముడిచిండు. నేను సంబరపడ్డ. సంబరపడుకుంట కూసున్న. వాడు నాకు మిగల్లేదు. నువ్వు కూసోకు. లేపు నీ మొగణ్ణి. లే."

అవతల బిడ్డ ఏడుపు ఆగింది. పావురాల కువకువ ఒక్కటే ఫోన్ నిండా వినబడుతోంది.

తర్వాత ఎవరో ఆ ఫోన్‌ను ఆ అమ్మాయి చేతిలో నుంచి గుంజుకున్నారు. కన్నడంలో ఒక మగగొంతు, నిరుడు తమ ఇంటి చీకటి గదిలో విన్న అదే పావురాలాయన గొంతు, మెల్లగా అడిగింది.

"యారు మాతాడోదు?"

ఎవరు మాట్లాడేది అని.